ప్రొజెక్టర్ తర్వాత కొందురు గానీ, ముందు వెళ్ళే మనిషిని చూడండి

వందనాలు బ్రదర్. తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి మీరు అడిగింది ముందు ఒకసారి చెప్తాను. గుంటూరు దగ్గర నూట యాభై కుటుంబాల సంఘం మీది. పాడేరు, అరకు వైపు ఏజెన్సీలో పరిచర్య మొదలుపెట్టాలని కమిటీ తీర్మానం చేసింది. ప్రొజెక్టర్, సౌండ్ బాక్సులు, కరపత్రాలు, పుస్తకాలు ఏవి కొనాలి, ట్రైనింగ్ ఎక్కడ దొరుకుతుంది, డాలస్‌లో ఉన్న మీ సంఘం వాళ్ళు పంపుతామన్న డబ్బు ఎలా తీసుకోవాలి, మే నెలలో యూత్‌ని తీసుకెళ్ళొచ్చా అని అడిగారు. నేను కోరాపుట్ వైపు కొండల్లో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు పంపే సంఘాలకీ, వెళ్ళే కుటుంబాలకీ ట్రైనింగ్ ఇస్తున్నాను. కాస్త సూటిగానే చెప్తాను, ఏమీ అనుకోకండి.

ఇప్పుడే ఏమీ కొనకండి. మీ లిస్టులో ఉన్నవన్నీ వస్తువులే, ఒక్క మనిషి పేరు కూడా లేదు. ఎవరు వెళ్తారు, ఎన్నేళ్ళు ఉంటారు, అక్కడి భాష ఎవరు నేర్చుకుంటారు అన్నది తేలకుండా కొన్న ప్రొజెక్టర్ చివరికి మీ వీబీఎస్‌లో, అదే వేసవి సెలవుల పిల్లల బైబిలు క్లాసుల్లో, పాటలు వేసుకోవడానికే పనికొస్తుంది.

మొదట భాష సంగతి. ఏజెన్సీలో అందరికీ తెలుగు వచ్చు కదా అని మన కోస్తా వాళ్ళకి ఒక ధీమా. వచ్చు. సంతలో వచ్చు, బస్సులో వచ్చు, ఐటీడీఏ ఆఫీసులో వచ్చు. కానీ ఇంట్లో పొయ్యి దగ్గర, జబ్బు చేసినప్పుడు, తగువులో, చావు దగ్గర ఏ భాషలో మాట్లాడుకుంటారో అది వేరే. అరకు, డుంబ్రిగుడ, ముంచంగిపుట్టు, పెదబయలు వైపు ఆదివాసీ ఒరియా వాడుక ఎక్కువ, వేర్వేరు తెగల వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునేదీ చాలావరకు అదే. సామంతులు అని కూడా పిలిచే కోందుల ఊళ్ళలో కువి. కొండదొరల్లో కొందరిది కూబి, చాలామందికి ఇప్పుడు తెలుగే. చింతూరు వైపు దిగితే కోయ. సీతంపేట వైపు వెళ్తే సవర. అన్నిటినీ కలిపి 'ఏజెన్సీ పరిచర్య' అని తీర్మానంలో ఒక్క ముక్కలో రాసుకోవడం సులువే గానీ, ఏ మండలం, ఏ పంచాయతీ, ఏ గూడెం అని తేలితే గానీ ఏ సామగ్రి కావాలో నేనే కాదు, ఎవరూ చెప్పలేరు.

ఈ భాషలు నేర్చుకోవడానికి పుస్తకాలేవీ ఉండవని మనవాళ్ళు అనుకుంటారు. ఉన్నాయి, కాకపోతే క్రైస్తవ పుస్తకాల షాపుల్లో వెతికితే దొరకవు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మాతృభాషలో చదువు అని గిరిజన పిల్లల కోసం ఎనిమిది భాషల్లో వాచకాలు తయారుచేసింది: గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ (అదే కూబి), ఆదివాసీ ఒరియా, బంజారా. అన్నీ తెలుగు లిపిలోనే. అక్షరం మనకి తెలిసిందే కాబట్టి వెళ్ళే మనిషికి ఇంతకంటే మంచి మొదటి పుస్తకం లేదు. పాత స్కూలు బీరువాల్లో, గిరిజన ప్రాంత టీచర్ల దగ్గర అడిగి చూడండి. మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ 1989లో ఆదివాసీ ఒరియా, తెలుగు, ఇంగ్లీషు కలిపి ఒక నిఘంటువు వేసింది. కూబి మీద భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యాకరణం 1969లో వచ్చింది. సవరకైతే గిడుగు రామమూర్తి పంతులుగారే ఉన్నారు. మనం ఆగస్టు 29న దండ వేసి వదిలేసే ఆ గిడుగువారే పర్లాకిమిడిలో ఉంటూ సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. ఆయన మిషనరీ కాదు. ఆయనకి సవరల భాష మీద ఉన్న గౌరవంలో సగం మన దగ్గర ఉన్నా చాలు అని నా క్లాసులో చెప్తూ ఉంటాను, కొందరికి నచ్చదు.

పుస్తకంతోనే భాష రాదు, అది వేరే సంగతి. గ్రెగ్ థామ్సన్ అనే భాషావేత్త, ఆయన భార్య ఏంజెలా తయారుచేసిన ఒక పద్ధతి ఉంది. మొదటి వంద గంటల్లో ముప్పై గంటలు మాట్లాడకుండా వినడమే, నేర్పే మనిషి చెప్పిన వస్తువుని చూపించడం, చెప్పిన పని చేయడం. ఆ తర్వాత కొంచెం కొంచెం మాట్లాడటం, ఊరివాళ్ళ కథలు వినడం, వాళ్ళ జీవితంలోకి మెల్లగా వెళ్ళడం. నేను చూసినంతలో మన సేవకులకి ఇందులో అన్నిటికంటే కష్టమైంది ఆ ముప్పై గంటలు నోరు మూసుకుని ఉండటం. ప్రసంగం అలవాటైన మనిషి కూర్చుని వినడం అంటే టెన్షన్ పడిపోతాడు. అందుకే వెళ్ళేవాళ్ళని ఎంచుకునేటప్పుడు బాగా ప్రసంగించేవాడిని కాదు, కొత్త ఇంటికి వెళ్ళి గంటసేపు అరుగు మీద ఊరికే కూర్చోగలిగినవాడిని చూడండి. అక్కచెల్లెళ్ళలో ఇలాంటివాళ్ళు ఎక్కువమంది ఉంటారు, వాళ్ళ పేర్లు కమిటీలో ఎందుకో ఎవరూ చెప్పరు.

రెండోది, అక్కడ ఇప్పటికే ఎవరున్నారు? మీ తీర్మానం చదివితే అదేదో ఎవరూ అడుగుపెట్టని చోటులా ఉంది. ఆ కొండల్లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నవాళ్ళు ఉన్నారు, అక్కడే పుట్టి అక్కడే నమ్మి అక్కడే కాపరులైనవాళ్ళు ఉన్నారు, వాళ్ళలో కొందరికి నెలకి జీతం అన్నదే ఉండదు, కాఫీ తోటలో పనిచేసుకుంటూ ఆదివారం వాక్యం చెప్తారు. మీరు వెళ్ళి కొత్త బోర్డు పెట్టి, వాళ్ళ మనుషుల్లోంచి ఇద్దరికి నెలకి ఇంత అని ఇస్తే వచ్చేది కొత్త సంఘం కాదు, పాత సంఘంలో చీలిక. ఇలా ఒకే చిన్న గూడెంలో మైదానం సంఘాల బోర్డులు మూడు చూశాను, మూడింటి రిపోర్టుల్లోనూ అవే కుటుంబాలు.

కాబట్టి ముందు ఉన్నవాళ్ళని కలవండి. భారత మిషన్ల సమాఖ్య, అదే ఐ.ఎం.ఏ., 1977 నుంచి ఉంది, ఏ సంస్థ ఏ జిల్లాలో పనిచేస్తోందో అక్కడ అడగొచ్చు. బెంగళూరు కేంద్రంగా 1965లో మొదలైన ఇండియన్ ఎవాంజెలికల్ మిషన్, తమిళనాడు యువకుల ప్రార్థన గుంపుల్లోంచి పుట్టిన ఫ్రెండ్స్ మిషనరీ ప్రేయర్ బ్యాండ్ లాంటివి భారతీయుల డబ్బుతో భారతీయుల్నే పంపే సంస్థలు. మీ మనిషిని వీళ్ళ ద్వారా పంపడం అవమానం కాదు. ట్రైనింగ్ కూడా వీళ్ళ దగ్గరే తీసుకోమంటాను, ఎందుకంటే వీళ్ళు క్లాసు రూంతో వదలరు, ఫీల్డులో సీనియర్ కుటుంబం పక్కన ఉంచి నేర్పుతారు. మూడు రోజుల సెమినార్‌కి వెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకోవడం ట్రైనింగ్ కాదు. వేదాంత కళాశాలలో చదివినవాడైనా సరే, అక్కడ నేర్చుకున్నది మైదానంలో తెలుగు సంఘాన్ని నడపడానికి, వేరే జనం మధ్య బతకడం మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాల్సిందే.

కొంచెం మన చరిత్ర చెప్పనివ్వండి, ఇది కూడా వనరే. డోర్నకల్ అజరయ్యగారు తమిళుడు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టినప్పుడు వాళ్ళు ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. అంటే మన తెలుగువాళ్ళమే వాళ్ళకి 'ఏజెన్సీ'. ఆయన 1909లో తానే అక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో బిషప్ అయి, 1945 జనవరి 1న చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో తెల్లదొరల ముందు నిలబడి, మీరు మా కోసం ఎంతో ఇచ్చారు, ఇక మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్న మాట మన పాస్టర్లు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. నేను అడిగేది ఒకటే, ఇవాళ గుంటూరు నుంచి ఇన్నోవాలో కొండ ఎక్కినప్పుడు మనం ఆ సభలో ఏ వైపు కూర్చున్నాం? అక్కడి కాపరిని మన పక్కన కుర్చీలో కూర్చోబెడుతున్నామా, దుప్పట్లు పంచేటప్పుడు ఫోటోలో నిలబడమంటున్నామా?

తెలుగు సంఘాలు పంపడం కూడా కొత్త కాదు. 1903లోనే, అంటే డోర్నకల్‌కి తమిళులు వచ్చే నాటికే, నెల్లూరు వైపు తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి, తోటల్లో ఒప్పంద కూలీలుగా వెళ్ళిన తెలుగువాళ్ళ మధ్యకి పంపారు. మీ సంఘం బాప్టిస్టో లూథరనో నాకు తెలియదు, ఏదైనా సరే ఈ కథ మీ సండే స్కూల్లో చెప్పండి. మా దగ్గర డబ్బు లేదు అనేవాళ్ళకి మిజోరం సంగతి చెప్పండి. అక్కడి ప్రెస్బిటేరియన్ ఆడవాళ్ళు 1910లో మొదలుపెట్టి, వంట వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం దేవుని పనికని పక్కన పెడుతున్నారు, ఆ బియ్యం అమ్మిన డబ్బు ఇవాళ్టికీ మిషనరీల్ని పోషిస్తోంది. పిడికెడు బియ్యం మన పల్లె సంఘాల్లో కూడా ఉండేది, ఇప్పుడు ఫోన్‌పే స్కానర్ వచ్చాక పోయింది.

ఇక సహాయం, మతం కలిపేసే విషయం. మెడికల్ క్యాంపు, దుప్పట్లు, ఆ వెంటనే మీటింగు అని మీ ప్లాన్‌లో రాశారు. దీని మీద ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి ఉదాహరణ చూడండి. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని ఇచ్చాడు. ఊరికే పంచలేదు, పనిచేయించి కూలి ఇచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా కరువు పనులు సాగినంతకాలం ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. పనులు ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. ఆ సంఖ్య మన అందరికీ కంఠతా వచ్చు, అంతకుముందు ఆపిన నెలల సంగతి ఎవరూ చెప్పరు. ఆ రోజు నీళ్ళలో ముంచింది కూడా దొర కాదు, తెలుగు బోధకులే. అసలు క్లౌ ఒంగోలులో కాపురం పెట్టకముందే యర్రగుంట్ల పేరయ్య తోలు వ్యాపారం మీద తిరుగుతూ ఎక్కడో సువార్త విని, వచ్చి తన వాళ్ళకి చెప్పుకోవడం మొదలుపెట్టాడు. దారి వేసింది పేరయ్య, నడిచింది దొర.

కాబట్టి మెడికల్ క్యాంపు పెడితే మెడికల్ క్యాంపే పెట్టండి. ఆ టెంటులో కరపత్రం వద్దు, ప్రార్థన చేస్తేనే మందు అన్నట్టు కనిపించే వరస అసలే వద్దు. చట్టం కోసం మాత్రమే కాదు. ఆకలితోనో జ్వరంతోనో ఉన్న మనిషి అవును అంటే అది ఆయన ఒప్పుకున్నట్టు కాదు.

చట్టం ఎత్తాను కాబట్టి దాని మీద కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మన సంఘాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. అది ఇతరుల్ని మతం మార్చే హక్కు కాదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో చెప్పింది. రెండూ గుర్తుంచుకోండి. ఆంధ్రలో, తెలంగాణలో మతమార్పిడి మీద ప్రత్యేక చట్టం లేదు, కానీ ఒడిశాలో 1967 నుంచి ఉంది, దేశంలోనే మొదటిది. ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉంది. ముంచంగిపుట్టు నుంచి ఒడిశా సరిహద్దు ఎంత దూరమో చూసుకోండి, పక్క ఊరే కదా అని దాటి అక్కడ బాప్తిస్మం ఇచ్చారంటే మీరున్నది వేరే చట్టం కింద. ఇక్కడ కూడా తిరుమల లాంటి చోట్ల అన్యమత ప్రచారం కుదరదని 2007లో చట్టం చేశారు.

భూమి. ప్రార్థన మందిరం కట్టడానికి రెండు సెంట్లు కొంటామని రాశారు. షెడ్యూల్డ్ ఏరియాలో మీరు కొనలేరు. 1959 భూబదలాయింపు నిబంధనలు, 1970లో 1/70గా సవరించినవి, అక్కడ భూమిని గిరిజనేతరులకి అమ్మడం, బహుమతిగా రాయడం, తనఖా పెట్టడం, చివరికి లీజుకివ్వడం కూడా చెల్లదంటాయి. కొనేది గిరిజనులైనా కావాలి, లేదా సభ్యులందరూ గిరిజనులే అయిన రిజిస్టర్డ్ సొసైటీ అయినా కావాలి. గుంటూరు సంఘం పేరు మీద కుదరదు, డబ్బు మీది పేరు వాళ్ళది అని బినామీగా చేసినా చెల్లదు. ఈ చట్టం గిరిజనుల్ని కాపాడటానికి ఉంది, దాన్ని తప్పించుకునే దారి ఎవరైనా చెప్తామంటే వాళ్ళ దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. అసలు మందిరం అవసరం వచ్చినప్పుడు అక్కడి విశ్వాసులే తమ స్థలంలో, తమ కర్రలతో, తమ రేకులతో కట్టుకుంటారు, అది మీ ఆర్‌సీసీ బిల్డింగ్ కంటే ఎక్కువకాలం వాళ్ళదిగా ఉంటుంది.

పిల్లలు. ఆ ప్రాంతం పిల్లల్ని గుంటూరు తెచ్చి హాస్టల్లో చదివిస్తాం అన్న లైను మీ ప్లాన్‌లోంచి కొట్టేయండి. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 కింద రిజిస్ట్రేషన్ లేకుండా అవసరంలో ఉన్న పిల్లల్ని ఉంచుకోవడం నేరం. పిల్లల గుంపుని రైలెక్కించిన పాస్టర్లు స్టేషన్‌లో ట్రాఫికింగ్ అనుమానం మీద ఆగిపోవడం మీరు పేపర్లో చదివే ఉంటారు. చట్టం పక్కన పెట్టినా, ఎనిమిదేళ్ళ పిల్లని అమ్మ దగ్గర్నుంచి, అమ్మ భాష దగ్గర్నుంచి తీసుకొచ్చి పదేళ్ళ తర్వాత తిరిగి పంపితే ఆ పిల్లకి ఆ ఊరు పరాయిది అయిపోతుంది. చదివించాలనుంటే పాడేరులో, అరకులో ఆశ్రమ పాఠశాలలున్నాయి, అక్కడ చదివే పిల్లలకి ట్యూషన్ చెప్పే అక్కడి అమ్మాయికి జీతమివ్వండి.

డాలస్ డబ్బు. ఇక్కడ చాలామందికి తెలియని తేడా ఒకటుంది. పంపేవాళ్ళది భారత పాస్‌పోర్టే అయితే, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కింద లెక్కకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డున్నా (భారత మూలాలున్న విదేశీ పౌరులకి ఇచ్చే కార్డు), అది విదేశీ విరాళమే. దానికి మీ సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న ఒక సంస్థ ఇంకో సంస్థకి ఆ డబ్బు బదలాయించడం కూడా నిషేధం, కాబట్టి 'మా తెలిసిన ట్రస్టు ద్వారా తెప్పిద్దాం' అనే పాత దారి మూసుకుపోయింది. కాస్త పెద్ద మొత్తమైతే ఆడిటర్ లేకుండా ఒక్క రూపాయి ముట్టుకోకండి.

ఆ డాలస్ వాళ్ళు సెలవులకి వచ్చినప్పుడు ఏజెన్సీకి తీసుకెళ్ళి వాక్యం చెప్పిద్దాం అనుకుంటారేమో, అది కూడా చూసుకోండి. ఓసీఐ కార్డుదారులు మిషనరీ పనులు చేయాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలని 2021 మార్చి నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ళకైతే కుదరనే కుదరదు. చుట్టపుచూపుగా రమ్మనండి, మీటింగ్ పోస్టర్ మీద వాళ్ళ ఫోటో వేయకండి.

నన్నడిగితే బయటి డబ్బు మొదటి రెండేళ్ళు అసలు వద్దంటాను. మీ నూట యాభై కుటుంబాలు ఒక కుటుంబాన్ని పోషించగలవు. జీతం ఒక్కటే కాదు, అద్దె, పిల్లల చదువు, హెల్త్ ఇన్సూరెన్స్, పీఎఫ్ లాంటిదేదైనా, గుంటూరులో ఉండిపోయిన వాళ్ళ అమ్మానాన్నలకి జబ్బు చేస్తే ఎవరు చూస్తారన్నది, ఇవన్నీ కాగితం మీద పెట్టండి. 'విశ్వాసంతో వెళ్తాడు' అని చెప్పి నెలకి ఎంత పంపుతారో చెప్పని సంఘం నాకు నచ్చదు. విశ్వాసం వెళ్ళేవాడికే కాదు, పంపేవాళ్ళకి కూడా ఉండాలి కదా!

సామగ్రి ఇప్పుడు చెప్తాను, అదే అడిగారు కాబట్టి. చదువు రాని పెద్దవాళ్ళు ఎక్కువగా ఉన్న చోట కరపత్రం పొయ్యి అంటించడానికే. వినేవి కావాలి. గ్లోబల్ రికార్డింగ్స్ నెట్‌వర్క్ అనే సంస్థ 1939 నుంచి ఇదే పని చేస్తోంది, వేల భాషల్లో చిన్న చిన్న బైబిలు కథలు, పాటలు రికార్డు చేసింది. వాళ్ళ ఫైవ్ ఫిష్ యాప్‌లో భాష పేరు కొట్టి ఉచితంగా దించుకోవచ్చు, మెమరీ కార్డులో వేసి ఇవ్వొచ్చు. బైబిల్ డాట్ ఈజ్ యాప్‌లో ఆడియో బైబిళ్ళు ఉన్నాయి. అచ్చు పుస్తకాలకి బైబిల్ సొసైటీని అడగండి. ఒక్క జాగ్రత్త తీసుకోండి. యాప్‌లో భాష పేరు కనిపించింది కదా అని పంచేయకండి, మీరు వెళ్ళే గూడెంలో ఒక ముసలమ్మకి వినిపించి, ఏం చెప్పాడు అని తిరిగి చెప్పమనండి. చెప్పగలిగితే సరే. నవ్వితే అది పక్క కొండ వాళ్ళ యాస, లేదా ఎప్పుడో పాత తరంలో రికార్డు చేసింది.

పాటల విషయంలో నాది గట్టి అభిప్రాయం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు నాకు ప్రాణం, పురుషోత్తమ చౌదరిగారి పాట వింటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. కానీ వాటిని కీబోర్డుతో సహా కొండ మీదికి మోసుకెళ్ళకండి. వాళ్ళ వరసలు వాళ్ళకున్నాయి, వాళ్ళ వాద్యాలున్నాయి. కొత్త పాట వాళ్ళలోంచి రావాలి, అది రావడానికి ఏళ్ళు పట్టినా సరే. ఏ వరస వాడొచ్చు, ఏది పూజకి సంబంధించింది కాబట్టి వాడకూడదు అన్నది కూడా అక్కడి విశ్వాసులు తేల్చుకుంటారు, మీరూ నేనూ కాదు.

ఏ జనానికి సువార్త ఎంత చేరిందో లెక్కలు పెట్టే జాషువా ప్రాజెక్టు లాంటి వెబ్‌సైట్ల లిస్టు చూసి గ్రామం ఎంచుకోవద్దు. ఏ జనం గురించి ఏం వెతకాలో మొదటి చూపుకి పనికొస్తాయి, అంతే. కులం పేరు, తెగ పేరు, పక్కన శాతం, ఇవి చూసి మనుషుల్ని 'చేరని జనం' అని స్లైడు మీద ఎర్రరంగులో వేశాక, వాళ్ళలో ఒకరు ఆ స్లైడు చూస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. చూస్తారు కూడా, అందరి చేతిలోనూ ఫోన్లున్నాయి. అదే కారణంతో బాప్తిస్మం ఫోటోలు, ఊరి పేరు, మనిషి పేరు ఫేస్‌బుక్‌లో పెట్టకండి, లైవ్ అసలే వద్దు. క్రైస్తవులైన గిరిజనుల్ని ఎస్టీ జాబితాలోంచి తీసేయాలన్న డీలిస్టింగ్ డిమాండ్ కొన్ని రాష్ట్రాల్లో గట్టిగా వినిపిస్తోంది. చట్టప్రకారం మతం మారినా ఎస్టీ హోదా పోదు, క్రైస్తవులైన ఎస్సీలకి మాత్రం 1950 ఉత్తర్వు వల్ల పోతుంది. మీ ఫోటోకి వచ్చే లైకులకి ఆ కుటుంబం ఊళ్ళో మూల్యం చెల్లించకూడదు.

యూత్ ట్రిప్. నలభై మందిని రెండు బస్సుల్లో తీసుకెళ్ళడం పరిచర్య కాదు, విహారయాత్ర. అలాగే పిలవండి, బొర్రా గుహలు చూసి రండి, తప్పులేదు. నిజంగా నేర్చుకోవాలనుకునే ఐదారుగురుంటే అక్కడి కాపరి రమ్మన్నప్పుడు, ఆయన చెప్పిన రోజుల్లో వెళ్ళండి. చైత్రంలో ఇటుకల పండుగ ఉంటుంది, మగవాళ్ళు వేటకి వెళ్తారు, ఊరంతా ఆ హడావిడిలో ఉంటుంది. నవంబరు నుంచి కాఫీ పళ్ళు కోసే కాలం, క్రిస్మస్ మీటింగులకి జనం రాలేదని రిపోర్టు రాసేముందు అది గుర్తుంచుకోండి. వానాకాలం మలేరియా. కాబట్టి మే అనేది మీ పిల్లల సెలవుల్ని బట్టి మీరు పెట్టుకున్నది, వాళ్ళని అడిగి పెట్టుకోండి. వెళ్ళినవాళ్ళు స్టేజీ ఎక్కకుండా, ఆ కాపరి ఇంట్లో నీళ్ళు మోసి, చోడి అంబలి తాగి, ఆయన రోజు ఎలా గడుస్తుందో చూసి వస్తే చాలు. ఆ తర్వాత ఆయన్ని, ఆయన భార్యని గుంటూరు పిలిచి మీ ఇళ్ళలో వారం ఉంచుకోండి. హోటల్లో కాదు, ఇళ్ళలో.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ. మీ చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లుల్లో ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు, అమ్మాయిలు ఉన్నారు కదా. వాళ్ళలో కొందరు మీరు పాడేరులో వెతకబోయే తెగల పక్క తెగల వాళ్ళే. ఆదివారం సాయంత్రం వాళ్ళకి సెలవుంటే, జ్వరం వస్తే ఆస్పత్రిలో తెలుగు మాట్లాడి పెట్టే మనిషి కావాలి, రైలు టికెట్టు తీసిపెట్టే మనిషి కావాలి, జీతం ఎగ్గొడితే లేబర్ ఆఫీసుకి తోడొచ్చే మనిషి కావాలి. మీ సంఘంలో ఎవరు ఈ పని ఏడాదిపాటు విసుక్కోకుండా చేశారో చూడండి, ఏజెన్సీకి పంపాల్సిన మనిషి ఎవరో మీ కమిటీకి దానితోనే తెలిసిపోతుంది. ఒడిశా నుంచి వచ్చారు కదా అని అందరి చేతిలో ఒడియా పుస్తకం పెట్టకండి, ఇంట్లో ఏం మాట్లాడతారో అడగండి. ముస్లిం కుటుంబాలు మీ పొరుగున ఉంటే, వాళ్ళని అర్థం చేసుకోవాలనుంటే హైదరాబాద్‌లో హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1930లో లాహోర్‌లో మొదలైంది. అది ప్రచారం నేర్పే చోటు కాదు, పక్కవాళ్ళతో సమాధానంగా బతకడం నేర్పే చోటు, అందుకే వెళ్ళమంటున్నాను.

ఆ మాటకొస్తే మీ ఊళ్ళోనే మాలపల్లిలో ఒక సంఘం, మాదిగపల్లిలో ఒక సంఘం ఉండి ఉంటాయి. రెండూ కలిసి ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన ఎప్పుడు చేసుకున్నాయో కమిటీలో అడిగి చూడండి. వేరే జనం మధ్యకి మనిషిని పంపే తీర్మానం మీద ఆ పక్క సంఘం వాళ్ళ సంతకం కూడా ఉంటే ఖర్చూ సగమవుతుంది.

మండలం పేరు, వెళ్ళాలనుకుంటున్న కుటుంబం వయసు, పిల్లలు ఏ క్లాసు చదువుతున్నారు, ఈ మూడూ రాయండి. ఏ భాష రికార్డింగులు ముందు వినాలో, అక్కడ ఎవరిని అడగాలో తర్వాత మాట్లాడుకుందాం. ప్రొజెక్టర్‌కి అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే వెనక్కి అడిగి చూడండి.